పైకప్పు తెల్లగా ఉంటే షెడ్డు చల్లగా ఉంటుంది

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. అక్కడి నుంచి ఎండ రోజురోజుకూ ముదిరి, రోహిణి కార్తె నాటికి రోళ్ళు పగిలేదాకా వస్తుంది. ఆ రోజుల్లో ఫారంలో కోళ్ళు రాలిపోవడం, గేదె పాలు తగ్గించడం, స్లాబు ఇంట్లో రాత్రి పదకొండయినా కంటికి కునుకు రాకపోవడం రైతులందరికీ అనుభవమే. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి రెండు వేలమందికి పైగా మనుషులే చనిపోయారు. ఇక రేకుల షెడ్డులో కట్టేసిన, బోనులో పెట్టిన జీవాల సంగతి వేరే చెప్పాలా?

ఈ వేడికి మందుగా ఇప్పుడు బజార్లో రకరకాల పూతలు అమ్ముతున్నారు. 'హీట్ ప్రూఫ్', 'కూల్ రూఫ్', 'థర్మల్ ఇన్సులేషన్' అని డబ్బాల మీద పెద్ద పెద్ద అక్షరాలు ఉంటాయి. ఒక్క పూత వేస్తే ఏసీ పెట్టినట్టే అనే అమ్మకందార్లు కూడా ఉన్నారు. ఇందులో నిజం ఉంది, అతి కూడా ఉంది. పూత ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఏది నిజమో, ఏది అతో రైతే తేల్చుకోవచ్చు. చాలామందికి డబ్బాతో పని లేకుండా సున్నంతోనే పని జరిగిపోతుంది కూడా.

ఎండ ఎంత వేడి మోసుకొస్తుంది?

మబ్బులేని వేసవి మధ్యాహ్నం ఒక చదరపు మీటరు కప్పు మీద సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గది కప్పు 100 చదరపు అడుగులు, అంటే దాదాపు 9 చదరపు మీటర్లు. ఒక్కొక్కటి 1000 వాట్ల ఇస్త్రీపెట్టెలు తొమ్మిది వేడిచేసి ఆ కప్పు మీద పెట్టినంత వేడి అన్నమాట.

ఇందులో కప్పు ఎంత తాగుతుందనేది దాని రంగును బట్టి ఉంటుంది. పాతబడి నల్లబారిన సిమెంటు రేకు పడిన ఎండలో సుమారు నూటికి 70 పాళ్ళు తాగేస్తుంది. అంటే తొమ్మిదిలో ఆరు ఇస్త్రీపెట్టెలకు పైగా. తెల్లగా సున్నం కొట్టిన కప్పు కొత్తలో 25 నుంచి 30 పాళ్ళే తాగుతుంది. అంటే మూడు పెట్టెల లోపే. మిగతాదంతా వచ్చిన దారినే పైకి తిరిగిపోతుంది.

తాగిన వేడి అంతా లోపలికే రాదు. కొంత గాలికి పోతుంది. మిగిలింది రేకు గుండా దిగి, కింద ఉన్న వాళ్ళ మీద కుంపటిలా పడుతుంది. మధ్యాహ్నం రేకుల షెడ్డులో నిలబడితే గాలి కన్నా ముందు నెత్తి మాడేది ఇందుకే. కోడి వీపు మీదా, గేదె వీపు మీదా పడేది ఈ సెగే.

కోళ్ళకు చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పడమే దానికి చల్లబడే ముఖ్యమైన దారి. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. షెడ్డులో గాలి కూడా ఆ దరిదాపులకు వచ్చిందంటే ఒంట్లో వేడి పోయే తోవ ఉండదు. గేదెది నల్లటి చర్మం, ఆవుతో పోలిస్తే చెమట గ్రంథులు బాగా తక్కువ. అందుకే అది నీళ్ళలో, బురదలో పడి ఉండాలని చూస్తుంది. ఈ రెండింటికీ రెండు మూడు డిగ్రీల తేడా అంటే చిన్న తేడా కాదు.

పూత గొడుగు లాంటిది, కంబళి కాదు

ఇక్కడ అసలు సంగతి తెలుసుకోవాలి. వేడిని ఆపడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఎండను కప్పు తాగకుండానే తిప్పికొట్టడం. రెండోది, తాగిన వేడి కిందికి దిగకుండా మధ్యలో మందంగా ఏదైనా అడ్డం పెట్టడం. తాటాకు ఇల్లు చల్లగా ఉండేది రెండో పద్ధతిలో. జానెడు మందాన ఆకు, ఆకుల సందుల్లో కదలని గాలి. వేడి దాన్ని దాటి రాలేదు.

పూత మందం ఎంత? రెండు మూడు చేతులు వేసినా మిల్లీమీటరు దాటడం కష్టం. వేడిని అడ్డుకునే శక్తి మందంతో పాటే పెరుగుతుంది. ఎంత గొప్ప సరుకు కలిపినా, లోపల గాలి బుడగల్లాంటి గుల్ల పూసలు వేసినా, మిల్లీమీటరు పొర జానెడు తాటాకు చేసే పని చేయలేదు. ఒక్క మిల్లీమీటరు పూత నాలుగంగుళాల గోడతో సమానం అని ఎవరన్నా అంటే నమ్మకండి.

అయితే పూత చల్లగా ఎలా ఉంచుతుంది? తెలుపు వల్ల. మొదటి పద్ధతిలో, అంటే ఎండను తిప్పికొట్టి. కంబళి వేడిని మధ్యలో పట్టి ఆపుతుంది, గొడుగు ఎండ మీద పడకుండా చూస్తుంది. పూత గొడుగు లాంటిది. తెలుపు ఉన్నంత కాలమే గొడుగు తెరిచి ఉన్నట్టు. దుమ్ము పట్టి మాసిందా, ఎంత ఖరీదు పూతయినా గొడుగు సగం మూసుకున్నట్టే.

ఇంకొక్క మాట. కప్పు ఎండను తిప్పికొట్టడంతో పాటు, తాగిన కాస్త వేడిని కూడా తొందరగా పైకి వదిలేయాలి. సున్నం, తెల్ల రంగు ఈ పని బాగా చేస్తాయి. తళతళలాడే కొత్త జింకు రేకు ఎండను కొంత తిప్పికొడుతుంది గానీ, తాగిన వేడిని వదలదు. కొత్త జింకు రేకు మెరుస్తున్నా చెయ్యి పెడితే చుర్రుమనేది ఇందుకే. మెరుపు వేరు, తెలుపు వేరు.

చాలామంది షెడ్డు లోపలి వైపు సున్నం కొట్టి చల్లబడుతుందని చూస్తారు. లోపల కొడితే వెలుగు పెరుగుతుంది, శుభ్రంగా ఉంటుంది గానీ వేడి తగ్గదు. పూత ఎండ పడే వైపు, అంటే కప్పు పైనే పడాలి.

ఏ కప్పుకు ఏ పూత?

సిమెంటు రేకులు: వీటికి సున్నం బాగా పట్టుకుంటుంది. ఒక వేసవి గడపడానికి సున్నం చాలు. వానలకు చాలా వరకు కొట్టుకుపోతుంది. దీన్ని పూర్తిగా నష్టం అనుకోనక్కరలేదు. చలికాలంలో పిల్లలకు వెచ్చదనం కావాలి గదా, అప్పటికి తెలుపు పోయి పగటి ఎండ కొంత పనికొస్తుంది.

జింకు రేకులు, రంగు రేకులు: వీటికి సున్నం నిలవదు, పెచ్చులుగా ఊడిపోతుంది. తుప్పు గీకి, ముందు ప్రైమరు వేసి, ఆ పైన ఇనుప రేకులకు పనికొచ్చే తెల్ల ఎక్రిలిక్ కూల్ రూఫ్ పూత రెండు చేతులు వేసుకోవాలి. కొత్తగా షెడ్డు వేసే వాళ్ళు నీలం, ఎరుపు రేకుల బదులు తెల్ల రంగు రేకులే కొంటే మొదట్లో పూత ఖర్చు మిగులుతుంది.

స్లాబు: నాలుగైదంగుళాల కాంక్రీటు పగలంతా వేడి తాగి దాచుకుంటుంది. అది నిదానంగా కిందికి దిగేసరికి చీకటి పడుతుంది. బయట గాలి చల్లబడ్డా లోపల ఉడికిపోవడానికి కారణం ఇదే. స్లాబుకు సున్నమూ పట్టుకుంటుంది, తెల్ల రంగూ పట్టుకుంటుంది. వడ్లు, మిరపకాయలు ఎండబోసుకునే మిద్దె అయితే సున్నం రాలి గింజల్లో కలుస్తుంది గనుక గట్టిగా అంటుకునే రంగు పూతే మేలు. తెల్ల టైలు ముక్కలు పరిచి సిమెంటుతో అతికించడం ఖర్చయినా చాలా ఏళ్ళు నిలుస్తుంది. పగుళ్ళుంటే ముందు పూడ్చాలి. తెలుపు వేసినంత మాత్రాన కారడం ఆగదు.

పెంకుటిల్లు, తాటాకు, గడ్డి కప్పు: వీటికి పూతలతో పని లేదు. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పోతుంది, ఆకూ గడ్డీ తామే అడ్డం. ఉన్నదాన్ని చెడగొట్టుకోకండి.

సున్నం కలిపే పద్ధతి

సున్నం పూత ఒక్క వేసవి కూడా నిలవలేదని కొందరు రైతులు అంటుంటారు. చాలాసార్లు తప్పు సున్నానిది కాదు, కలిపిన తీరుది.

కేజీ రాతి సున్నానికి సుమారు 5 లీటర్ల నీళ్ళు కావాలి. ఇనుప డ్రమ్ములో గానీ తొట్టిలో గానీ ముందు నీళ్ళు పోసి, ముద్దలు కొద్దికొద్దిగా వేయాలి. ముద్దల మీద నీళ్ళు కుమ్మరిస్తే ఎగజిమ్ముతుంది. సలసల కాగుతుంది గనుక ప్లాస్టిక్ బకెట్టు వాడకండి. ఉడుకు తగ్గాక నీళ్ళ కిందే ఒక రోజంతా, అంటే 24 గంటలు నానబెట్టాలి. తర్వాత ముతక గుడ్డలో వడకట్టాలి.

పట్టు కోసం ప్రతి 10 లీటర్ల సున్నపు పాలకు 40 గ్రాముల తుమ్మ బంక వేడినీళ్ళలో కరిగించి కలపాలి. గోడలకు వేసేటప్పుడు నీలిమందు కలపడం మన అలవాటు. కప్పుకు మాత్రం కలపొద్దు. నీలిమందు కంటికి తెలుపు పెంచినట్టు కనిపిస్తుంది గానీ, ఎండలో కొంత భాగాన్ని తాగుతుంది.

కప్పు మీద దుమ్ము, పాకుడు, పాత పెచ్చులు లేకుండా ముందే శుభ్రం చేసుకోవాలి. పూత వేసే ముందు నీళ్ళతో తడపాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. దానికి తడి కావాలి. మిట్టమధ్యాహ్నం కాలే రేకు మీద కొడితే క్షణంలో ఆరిపోయి పొడిపొడిగా రాలుతుంది. తెల్లవారుజామున గానీ, సాయంత్రం గానీ కొట్టుకోవాలి. పల్చగా రెండు మూడు చేతులు వేయాలి. ఒక చేయి ఆరాకే ఇంకో చేయి. తడిగా ఉన్నప్పుడు కింది రేకు కనిపిస్తుంది, చాలలేదని మందంగా కొట్టకండి. ఆరాకే తెలుపు తేలుతుంది. మందంగా కొట్టింది పెచ్చులు కడుతుంది.

స్ప్రేయరుతో కొట్టేవాళ్ళు సున్నాన్ని రెండుసార్లు వడకట్టుకోవాలి, లేకపోతే నాజిల్ పూడుకుపోతుంది. పురుగుమందు కొట్టిన స్ప్రేయరును కోళ్ళ షెడ్డు మీదికి తేవద్దు. బాయిలర్ కోళ్ళు పెంచేవాళ్ళు ఒక బ్యాచ్ పోయి ఇంకో బ్యాచ్ వచ్చే మధ్యలో ఈ పని పెట్టుకుంటే, బోల్టు కంతల్లోంచి కారిన సున్నం దాణాలో, నీళ్ళలో పడదు. వాన నీళ్ళు పట్టుకునే ఇళ్ళలో మొదటి వానలు తొట్టిలోకి పోకుండా బయటికి వదిలేయాలి.

పైకెక్కే ముందు

కోడిని కాపాడబోయి మనిషి పడిపోయిన సంగతులు పల్లెల్లో కొత్త కాదు. సిమెంటు రేకు పైకి గట్టిగానే కనిపిస్తుంది. పాతబడిన రేకు మనిషి బరువుకు చెప్పకుండా విరుగుతుంది. రేకు మీద నేరుగా కాలు పెట్టకండి. రెండు మూడు దూలాల మీదుగా పొడవాటి చెక్క గానీ, నిచ్చెన గానీ అడ్డంగా వేసి దాని మీదే నడవాలి. నడుముకు తాడు కట్టుకుని, కింద ఒక మనిషి ఉండాలి. తక్కువ ఎత్తు షెడ్డయితే పక్కనుంచి నిచ్చెన వేసుకుని పొడవు కర్రకు బ్రష్ కట్టి కొట్టుకోవడం మంచిది.

సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. దాని ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. అందుకని పాత రేకును పొడిగా ఇనుప బ్రష్‌తో గీకడం, జోరుగా నీళ్ళు కొట్టే యంత్రంతో కడగడం, కోయడం, విరవడం చేయకూడదు. బాగా తడిపి మెత్తటి చీపురుతో తోయాలి. సున్నం పూత ఆ నార రేగకుండా కొంత కప్పి ఉంచుతుంది, అదొక లాభం.

సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానీయకండి. కంట్లో పడితే నలపకుండా వెంటనే మంచినీళ్ళతో చాలాసేపు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

డబ్బా కొనే ముందు

రంగు పూత కొనాలనుకున్న వాళ్ళు దుకాణంలో రెండు అంకెలు అడగాలి. ఒకటి, ఎండలో నూటికి ఎన్ని పాళ్ళు తిప్పికొడుతుంది. రెండు, ఎస్.ఆర్.ఐ. ఎంత. ఈ ఎస్.ఆర్.ఐ. అనేది తిప్పికొట్టడం, వేడి వదలడం రెండూ కలిపి వేసిన మార్కు. ప్రమాణంగా పెట్టుకున్న నలుపుకు 0, తెలుపుకు 100. అంకె ఎక్కువైతే కప్పు చల్లగా ఉంటుంది. ఈ అంకెలు చెప్పకుండా ఊరికే 'ఇన్సులేషన్' అని మాత్రం రాసిన డబ్బాకు ఎక్కువ ధర పెట్టనక్కరలేదు.

కొన్నిచోట్ల రేకు ముక్కకు పూత పూసి, పైన పెద్ద లైటు వెలిగించి, కింద చెయ్యి పెట్టించి చూపిస్తారు. పక్కన పూత లేని ముక్క కాలుతుంటుంది. అది మోసం కాదు, కానీ సగం పరీక్షే. మూడో ముక్కకు సున్నం పూసి అదే లైటు కింద పెట్టమనండి. సున్నానికీ, ఆ పూతకూ తేడా ఎంతో అప్పుడు తెలుస్తుంది. మీరు అదనంగా డబ్బు పెట్టేది ఆ తేడాకూ, నిలిచి ఉండే ఏళ్ళకూ మాత్రమే.

ఖర్చు లెక్క ఇలా వేసుకోండి. సరుకూ కూలీ కలిపి, చదరపు అడుగుకు ఎంత పడిందో చూసి, ఎన్నేళ్ళు నిలుస్తుందో దానితో భాగించాలి. సున్నానికి అడుగుకు 2 రూపాయలయి ఒక ఏడాది నిలిచిందనుకుందాం. రంగు పూతకు 20 రూపాయలయి ఐదేళ్ళు నిలిచిందనుకుందాం. అప్పుడు సున్నం ఏడాదికి 2 రూపాయలు, రంగు 4 రూపాయలు. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే, బజారు ధరలు కావు. మీ ఊళ్ళో ధరలు మీరు వేసుకోండి. ఏటా కప్పు ఎక్కే శ్రమ, ప్రమాదం కూడా లెక్కలోకి తీసుకుంటే పెద్ద షెడ్డుకు రంగు పూత నయమనిపించవచ్చు. నాలుగు గేదెల పాకకు, రెండు గదుల ఇంటికి సున్నమే గిట్టుబాటు.

కరెంటు మిగులుతుందా?

ఏసీ ఉన్న చోట మిగులుతుంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు కలిసి హైదరాబాద్‌లో ఏసీ ఉన్న భవనాల మీద కొలిచి, ఫలితాలను 2012లో ప్రచురించారు. పూత లేని కాంక్రీటు కప్పును తెల్లగా చేస్తే ఏసీ వాడే కరెంటు నూటికి 10 నుంచి 19 పాళ్ళు తగ్గుతుందని అంచనా వేశారు. చదరపు మీటరుకు ఏడాదికి 13, 14 యూనిట్లు మిగులుతాయని లెక్కగట్టారు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానంలో ప్రభుత్వ, వ్యాపార భవనాలకూ, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకూ ఇలాంటి కప్పు తప్పనిసరి అన్నారు. అంతకన్నా చిన్న ఇళ్ళకు ఇష్టాన్ని బట్టి.

మన రైతు ఇంట్లో ఉండేది ఒక ఫ్యాను, మహా అయితే ఒక కూలరు. కప్పు తెల్లగా చేసినా ఫ్యాను తిరగక మానదు. కనుక కరెంటు బిల్లు సగం అవుతుందని ఎవరన్నా ఆశపెడితే ఆ మాట మనకు వర్తించదు. మనకు మిగిలేది వేరు. బతికిన కోడి, తగ్గని పాలు, ముసలివాళ్ళకూ పసిపిల్లలకూ రాత్రి నిద్ర. లోపలి వేడి కప్పును బట్టి, గాలిని బట్టి మామూలుగా రెండు నుంచి నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది. ఇంతకన్నా ఎక్కువ చెప్పేవాళ్ళను ఒక ప్రశ్న అడగండి: తగ్గింది కప్పు పైన కొలిచారా, గదిలో కొలిచారా? కప్పు పైన పదిహేను, ఇరవై డిగ్రీలు తగ్గడం వింత కాదు. గదిలో అంత తగ్గదు.

మాటలతో పని లేకుండా మీరే చూసుకోవచ్చు. షెడ్డు మొత్తం ఒకేసారి కొట్టకుండా సగం కొట్టండి. కోళ్ళ నెత్తి ఎత్తున రెండు వైపులా ఒక్కో థర్మామీటరు వేలాడదీసి, వారం రోజులు మధ్యాహ్నం రెండు గంటలకు చూసి రాసుకోండి. కోళ్ళు ఎటువైపు చేరుతున్నాయో కూడా గమనించండి. అది చాలు.

పూత ఒక్కటే సరిపోదు

తెలుపు ఎండను తిప్పికొడుతుంది గానీ, లోపల జీవాలు వదిలే వేడిని బయటికి పంపలేదు. దానికి గాలి ఆడాలి. షెడ్డు తూర్పు పడమరలుగా పొడవు ఉండాలి. పక్కల జాలీ మూసుకుపోయేటట్టు బస్తాలు పేర్చకూడదు. చూరు బయటికి రావాలి. గాడ్పు కొట్టే వైపు తడి గోనెపట్టాలు కట్టి, గాలి ఆడేంత సందు వదలాలి. ఎండ రోజుల్లో కోళ్ళను ఇరుకుగా ఉంచకూడదు. నీళ్ళ ట్యాంకు ఎండలో ఉంటే దానికీ తెల్ల పూత వేసి, పైన పందిరి వేయండి. వేడెక్కిన నీళ్ళు కోడి సరిగా తాగదు. రేకుల మీద వరిగడ్డి పరిచి నీళ్ళు చల్లడం మంచి పద్ధతే గానీ, నీళ్ళున్నవాళ్ళకే. గడ్డి ఎండితే నిప్పు భయం ఉంటుంది. బోరు అడుగంటిన ఊళ్ళో సున్నమే దిక్కు.

ఇవన్నీ శివరాత్రి దాటగానే మొదలుపెట్టుకోవాలి. పూత ఉగాదికల్లా పూర్తి కావాలి. కోళ్ళు రొప్పడం మొదలయ్యాక కప్పు ఎక్కితే ఆలస్యమే. తర్వాత దుమ్ము పట్టినప్పుడల్లా, గాలివాన వెలిసినప్పుడల్లా ఒకసారి పైకి చూడండి. తెలుపు మాసిపోయి ఉంటే నీళ్ళు కొట్టి కడగండి, ఊడిన చోట మళ్ళీ ఒక చేయి వేయండి. ఖరీదైన పూత కొన్నారా, బస్తా సున్నం కొన్నారా అన్నది తర్వాతి మాట. మే నెలలో మీ కప్పు తెల్లగా ఉందా లేదా అన్నదే లెక్క.